గూళ్ల కాలంలో తీరపక్షుల పర్యవేక్షణ, సంరక్షణ : ఇసుక తిన్నెలపై ఇండియన్ స్కిమ్మర్

ప్రత్యేక వ్యాసం

నదీ గర్భంలోని ఇసుక తిన్నెలపైన, సముద్రతీరపు మేటలపైన, నేలమీదనే గుడ్లు పెట్టి పొదిగే పక్షుల సంఖ్య ప్రపంచవ్యాప్తంగా తగ్గుముఖం పట్టింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2024 అక్టోబరులో సవరించిన జాబితాలో పలు వలస తీరపక్షులను మునుపటికంటె అధిక ప్రమాద శ్రేణిలో చేర్చింది. వేట, ఆవాసాల క్షీణత, కాలుష్యం వంటి కారణాలు ఏడాది పొడవునా పనిచేసేవే అయినప్పటికీ, ఈ పక్షులకు అత్యంత కీలకమైన కాలం గూళ్ల కాలమే. ఆ కొద్ది వారాలలో గుడ్లు, పిల్లలు నిలిస్తే జాతి నిలుస్తుంది. అవి నశిస్తే తల్లిపక్షులు ఎన్ని ఉన్నా ప్రయోజనం ఉండదు.

భారతదేశంలో ఈ పరిస్థితిని స్పష్టంగా తెలియజేసే పక్షి ఇండియన్ స్కిమ్మర్. ఉత్తరాదిన చంబల్ నది, ఒడిశాలో మహానది దీని ముఖ్యమైన సంతానోత్పత్తి స్థానాలు కాగా, ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ తీరం ఇది శీతాకాలంలో విడిది చేసే ప్రాంతాలలో ఒకటి. ఈ పక్షి గూళ్ల కాలం, దానికి ఎదురవుతున్న ముప్పులు, పర్యవేక్షణ విధానాలు, సంరక్షణ చర్యలు, చట్టపరమైన నిబంధనలను గురించి పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించే ప్రధాన సమాచారం దిగువ పొందుపరచడమైనది.

పక్షి పరిచయం

ఇండియన్ స్కిమ్మర్ శాస్త్రీయ నామం రింకాప్స్ ఆల్బికోలిస్. పొడవు సుమారు 40 నుంచి 43 సెంటీమీటర్లు. తల పైభాగం, వీపు, రెక్కలు నల్లగాను, మెడ చుట్టూ ఉండే పట్టీ, పొట్ట భాగం తెల్లగాను ఉంటాయి. నారింజ రంగులో ఉండే లావైన ముక్కు కొన వద్ద పసుపు రంగుకు తిరుగుతుంది. కింది ముక్కు పై ముక్కుకంటె పొడవుగా ఉండటం ఈ పక్షి ప్రత్యేకత. నీటిని ఆనుకొని ఎగురుతూ, కింది ముక్కును నీటిలో ముంచి నాగటి కర్రు వలె చీల్చుకుంటూ పోవడం, ముక్కుకు చేప తగిలిన మరుక్షణం పై ముక్కును మూసి పట్టుకోవడం దీని ఆహార సేకరణ పద్ధతి. ఈ కారణంగానే హిందీలో దీనిని నీటిని చీల్చేదన్న అర్థంలో పన్‌చీరా అని, బెంగాలీలో నదిని దున్నేదన్న అర్థంలో గాంగ్‌చషా అని పిలుస్తారు.

ఒకప్పుడు సింధు నది నుంచి మెకాంగ్ నది వరకు విస్తరించిన ఈ పక్షి లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో దాదాపు కనుమరుగైంది. ప్రస్తుతం అధిక భాగం భారత్, బంగ్లాదేశ్‌లకే పరిమితమైంది. 2020లో దీనిని దుర్బల శ్రేణి నుంచి అంతరించే ప్రమాదమున్న శ్రేణికి మార్చారు. ఆ సందర్భంలో వేసిన అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద సంతానోత్పత్తి వయసుకు వచ్చిన స్కిమ్మర్లు 2,450 నుంచి 2,900 మాత్రమే. ఒక మోస్తరు గ్రామ జనాభాకు సమానమైన ఈ సంఖ్య కొద్దిపాటి నదీ తీరాలపై ఆధారపడి ఉండటం గమనార్హం.

ఇసుక తిన్నెలపై గూళ్ల కాలం

స్కిమ్మర్ గూడు కట్టదు. నది మధ్యలో తేలిన తిన్నెపై ఇసుకను పొట్టతో ఒత్తి చిన్న గుంటను ఏర్పరచి, అందులో సాధారణంగా రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లపై గోధుమ, బూడిద రంగు మచ్చలు ఉండటం వలన అవి ఇసుకలో కలిసిపోయి దగ్గరకు వెళ్లినా సులభంగా కనిపించవు. జంటలు విడివిడిగా కాక గుంపుగా ఒకేచోట గుడ్లు పెడతాయి. అదే తిన్నెపై ప్రమాద శ్రేణిలో ఉన్న నల్లపొట్ట టర్న్, దుర్బల శ్రేణిలోని రివర్ టర్న్, తీతువు జాతికి చెందిన రివర్ లాప్‌వింగ్ వంటి పక్షులు కూడా పొదుగుతుంటాయి. కాబట్టి ఒక్క తిన్నెకు కల్పించే రక్షణ పలు జాతులకు వర్తిస్తుంది.

వర్షాకాలపు వరదలు వెనుకబట్టి, తిన్నెలు బయటపడి, నీటిమట్టం నిలకడగా ఉండే వేసవి కాలమే వీటికి అనువైనది. చంబల్ నదిపై ఫిబ్రవరి నాటికి పక్షులు గుమికూడతాయి. మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ వరకు గుడ్లు పెట్టడం ముమ్మరంగా సాగుతుంది. గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాలు, పిల్లలు ఎగరగలగడానికి మరికొన్ని వారాలు పడుతుంది. వర్షాలు మొదలై నది పొంగేలోగా ఈ మొత్తం ప్రక్రియ ముగియాలి. మొదటి విడత గుడ్లు పోయినపుడు కొన్ని జంటలు తిరిగి గుడ్లు పెట్టినప్పటికీ, ఆలస్యంగా పుట్టిన పిల్లలు రెక్కలు రాకముందే వరదకు చిక్కే ప్రమాదం ఉంది.

ఏప్రిల్, మే నెలలలో ఆ ప్రాంతంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం సాధారణం. ఇసుక అంతకంటె అధికంగా వేడెక్కుతుంది. అందుచేత పగటివేళ తల్లిపక్షి చేసే పని గుడ్లకు వెచ్చదనం ఇవ్వడం కాదు, నీడనివ్వడం. పక్షులు తరచూ నీటివద్దకు వెళ్లి పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్లపై కూర్చొని వాటిని చల్లబరుస్తాయి. మధ్యాహ్న సమయంలో మనుషులు గాని, కుక్కలు గాని తల్లిపక్షులను లేపితే గుడ్డును ఎవరూ తాకకపోయినా లోపలి పిండం ఎండవేడికి నశించే అవకాశం ఉంటుంది. గూళ్ల కాలంలో జనసంచార నియంత్రణకు ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదే ముఖ్య కారణం.

ప్రధాన ముప్పులు

స్కిమ్మర్ భద్రతకు ఆధారం తిన్నె చుట్టూ ఉండే నీరు. అందువలన నీటి ప్రవాహంలో కలిగే మార్పులు రెండు విధాలుగానూ హాని చేస్తాయి.

మొదటిది నీరు తగ్గడం. చంబల్ నదికి ఎగువన 1960లో పూర్తయిన గాంధీసాగర్, అనంతర కాలంలో నిర్మించిన రాణాప్రతాప్ సాగర్, జవహర్ సాగర్ జలాశయాలు, కోటా బ్యారేజీ ఉన్నాయి. వీటి ద్వారా సాగునీటికి, విద్యుదుత్పత్తికి నీటిని వినియోగించడంతో పాటు, దిగువన నదినుంచి నేరుగా తోడే నీటి పరిమాణం కూడా అధికమే. వేసవిలో ప్రవాహం సన్నగిల్లినపుడు తిన్నెకు, ఒడ్డుకు మధ్యగల పాయ ఎండిపోయి ద్వీపం కాస్తా ఒడ్డులో కలిసిపోతుంది. అప్పుడు ఊరకుక్కలు, నక్కలు నడచివచ్చి ఒక్క రాత్రిలోనే గుంపు గుడ్లన్నింటినీ తినివేయగలవు. మేతకు, నీటికి వచ్చే పశువుల కాళ్ల కింద గుడ్లు చితికిపోవడం మరొక సమస్య.

రెండవది నీరు అకస్మాత్తుగా పెరగడం. జలాశయాల నుంచి ముందస్తు సమాచారం లేకుండా నీరు విడుదలైనపుడు, నీటిమట్టం కొద్దిగా పెరిగినా తక్కువ ఎత్తుగల తిన్నెలు మునిగిపోతాయి. మహానదిపై కటక్ సమీపంలోని ముండలి పరిసరాలలో గుడ్లు పెట్టే స్కిమ్మర్లకు కూడా నీటిమట్టాల హెచ్చుతగ్గులే ప్రధాన సమస్య.

వీటికి తోడు ఇసుక తవ్వకాలు గూడుకు ఆధారమైన తిన్నెనే లేకుండా చేస్తున్నాయి. నదీగర్భంలో వేసవి పంటగా పుచ్చ, దోస, కూరగాయలు సాగుచేయడం, చేపల వలలు, పడవల రాకపోకలు, దగ్గరనుంచి ఛాయాచిత్రాలు తీసే సందర్శకులు, కాకులు, గద్దల బెడద తదితర కారణాలు కూడా తోడవుతున్నాయి. ఊరికి సమీపంలో పారవేసే మాంస వ్యర్థాలు కుక్కల సంఖ్యను, కాకుల సంఖ్యను పెంచుతాయి. తిన్నెపై గుడ్డు నిలవాలంటే ఊరి చెత్త నిర్వహణ కూడా సక్రమంగా ఉండవలసిందే.

పర్యవేక్షణ ఎలా జరుగుతుంది

గూళ్ల పర్యవేక్షణ ఉద్దేశం కేవలం పక్షులను లెక్కించడం కాదు. ఎన్ని గూళ్లు నిలిచాయి, నిలవనివి ఏ కారణం చేత నశించాయి, తీసుకున్న చర్య ఫలితమిచ్చిందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టడం దీని లక్ష్యం. పని సాధారణంగా కింది దశలలో సాగుతుంది.

తిన్నెల గుర్తింపు : గుడ్లు పెట్టడానికి ముందే పడవలలో ప్రయాణించి, పక్షులు గుమికూడే తిన్నెలను గుర్తించి, వాటి విస్తీర్ణం, నీటికి పైన ఎత్తు, ఒడ్డునుంచి దూరం, చుట్టూ ఉన్న నీటి లోతు నమోదు చేస్తారు. ముంపునకు, తెగుడుకు గురికాగల తిన్నెలు ఏవో ఈ దశలోనే తెలుస్తుంది.

దూరం నుంచి పరిశీలన : దుర్భిణి, టెలిస్కోపు సహాయంతో పడవపై నుంచి గాని, ఎదురు ఒడ్డు నుంచి గాని పొదుగుతున్న పక్షులను లెక్కిస్తారు. తిన్నెపై అడుగుపెట్టకుండానే అధిక సమాచారం సేకరించడం మంచి పర్యవేక్షణకు గుర్తు.

గూళ్ల నమోదు : అవసరమైనపుడు మాత్రమే ఉదయం చల్లని వేళలో కొద్ది నిమిషాలపాటు తిన్నెపైకి వెళతారు. ప్రతి గూడు స్థానాన్ని జీపీఎస్ పరికరంతో గుర్తించి, గుడ్ల సంఖ్య వ్రాసుకుంటారు. గుర్తు పుల్లను గూటి పక్కనే నాటితే కాకులు దానిని ఆనవాలుగా నేర్చుకునే ప్రమాదం ఉన్నందున కొంత దూరంలో నాటుతారు. గుడ్డును నీటిలో ఉంచి, అది మునిగిన తీరును లేదా తేలిన తీరును బట్టి ఎన్ని రోజులుగా పొదుగుతున్నదీ అంచనా వేసే పద్ధతి ఉంది. తాజా గుడ్డు అడుగున పక్కకు ఒరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ లోపలి గాలి గది పెరిగి గుడ్డు నిలువుగా నిలబడి, చివరకు తేలుతుంది. శిక్షణ పొందినవారు, అనుమతి ఉన్నవారు మాత్రమే దీనిని చేయాలి.

నష్టకారణాల నిర్ధారణ : ఖాళీ అయిన గూటివద్ద ఉండే ఆనవాళ్లు ముఖ్యమైన సాక్ష్యం. గుంటలో సన్నని పెంకు ముక్కలు మిగిలితే పిల్ల బయటపడినట్లు భావించవచ్చు. కుక్క, నక్క పాదముద్రలు, పశువుల గిట్టల గుర్తులు, తడి ఇసుక అంచులు ఒక్కొక్కటి ఒక్కొక్క కారణాన్ని సూచిస్తాయి. ఇసుకపై పాదముద్రలను చదివే ఈ పద్ధతి తెలుగు ప్రాంతానికి కొత్తది కాదు. 1986లో కడప జిల్లాలో తిరిగి కనుగొన్న కలివి కోడి ఉనికిని తెలుసుకొనేందుకు లంకమల పరిసరాలలో మెత్తని మట్టి పట్టీలు పరచి అడుగుజాడలు పరిశీలించిన అనుభవం ఉంది. రాత్రివేళ జరిగే నష్టాలకు స్వయంచాలిత కెమెరాలు ఉపయోగపడతాయి.

నీటిమట్టం నమోదు : తిన్నె అంచున కొలబద్ద నాటి ప్రతిదినం ఉదయం, సాయంత్రం నీటిమట్టం వ్రాసి ఉంచాలి. జలాశయ విడుదలల వివరాలతో దీనిని సరిచూస్తే, ఎంత నీరు విడుదలైతే ఎన్ని గంటలకు తిన్నెవద్ద ఎంత మట్టం పెరుగుతుందో తెలుస్తుంది. నీటిపారుదల ఇంజనీర్లతో చర్చకు ఇది గట్టి ఆధారం.

కాలికి ఉంగరాలు : ఎగరబోయే పిల్లలకు, పెద్ద పక్షులకు సంఖ్యగల లోహపు ఉంగరాలు, దూరంనుంచి చదవగల రంగు పట్టీలు తొడుగుతారు. 1883లో స్థాపితమైన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దేశంలో ఈ పనికి ప్రధాన సంస్థ. చంబల్‌పై స్కిమ్మర్ల అధ్యయనాన్ని కూడా ఆ సంస్థ శాస్త్రవేత్తలు నిర్వహిస్తున్నారు. ఒక నదిపై పుట్టిన పక్షి ఏ తీరంలో శీతాకాలం గడిపిందో ఈ ఉంగరాల వలన తెలుస్తుంది.

గణాంకాలను చదివే తీరు

గూళ్ల విజయశాతాన్ని ప్రకటించేటపుడు ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. పరిశీలకులు తిన్నెకు చేరకముందే నశించిన గూళ్లు లెక్కలోకి రావు. అందుచేత కనిపించిన గూళ్లలో ఎన్ని నిలిచాయన్న సాధారణ శాతం వాస్తవానికి మించి ఆశాజనకంగా ఉంటుంది. ఈ లోపాన్ని సవరించేందుకు అమెరికా పక్షిశాస్త్రవేత్త హెరాల్డ్ మేఫీల్డ్ 1961లో ఒక సులభమైన పద్ధతిని ప్రతిపాదించారు. గూడును గమనించిన రోజుల సంఖ్య ఆధారంగా ఒక్కొక్క రోజు గూడు నిలిచే అవకాశాన్ని లెక్కించడం ఈ పద్ధతి సారాంశం.

ఉదాహరణకు 40 గూళ్లను అన్నీ కలిపి 400 గూటి దినాలు పరిశీలించగా 12 గూళ్లు నశించాయని అనుకుందాం. సాధారణ లెక్క ప్రకారం 40లో 28 నిలిచినందున విజయం 70 శాతం. మేఫీల్డ్ పద్ధతిలో దినసరి నష్టం 3 శాతం, అనగా ఒక రోజు నిలిచే అవకాశం 97 శాతం. పొదిగే 21 రోజులకు దీనిని వర్తింపజేస్తే గూడు చివరివరకు నిలిచే అవకాశం సుమారు 53 శాతమే. ఇదే లెక్కన దినసరి నష్టం 2 శాతానికి తగ్గితే విజయం 65 శాతానికి పెరుగుతుంది, 5 శాతానికి పెరిగితే 34 శాతానికి పడిపోతుంది. రోజుకు ఒకటి రెండు శాతం తేడా చూపుకు స్వల్పంగా కనిపించినా ఋతువు ముగిసేసరికి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఒక్క రాత్రి కాపలా లేకపోవడం ఎందుకు ముఖ్యమో ఈ లెక్క తెలియజేస్తుంది.

పిల్లలు గుడ్డునుంచి బయటపడటం ఒక దశ, అవి ఎగరగలగడం మరొక దశ. ఈ రెండింటినీ వేర్వేరుగా పేర్కొనని నివేదికలను పోల్చడం సరికాదు.

సంరక్షణ చర్యలు

చంబల్, మహానది అనుభవంలో ఎక్కువ ఫలితమిచ్చిన మార్గం స్థానికుల కాపలా. నదీతీర గ్రామస్థులను గూళ్ల కాలానికి కాపలాదారులుగా నియమించి, శిక్షణ ఇచ్చి, వేతనం చెల్లిస్తారు. వారు ఎదురు ఒడ్డున మకాం వేసి కుక్కలను, పశువులను దారి మళ్లించడం, సందర్శకులను ఆపడం, నీటిమట్టం నమోదు చేయడం, ప్రతిరోజూ వివరాలు తెలపడం చేస్తారు. నది తీరుతెన్నులు పుట్టినప్పటినుంచి ఎరిగిన జాలర్లు, పడవవారు, పశువుల కాపరులు ఈ పనికి అత్యంత అర్హులు. నిషేధాజ్ఞలతో వారిని నదికి దూరం చేయడంకంటె, ఋతువులో కొంత ఆదాయం కల్పించి భాగస్వాములను చేయడం మన్నికైన విధానం.

ఒడ్డుకు ఆనుకొన్న తిన్నెలకు తాత్కాలిక కంచె అవసరమవుతుంది. కర్రలు, వలతో వేసే ఈ కంచెను గుడ్లు పెట్టకముందే గాని, పక్షులు కలవరపడని దూరంలో గాని నిర్మించి, ఋతువు ముగియగానే తొలగించాలి. హెచ్చరిక బోర్డులు ఒడ్డున, రేవువద్ద ఉండాలి తప్ప గూళ్ల సమీపంలో ఉండరాదు.

నీటి విడుదల విషయంలో మూడు చర్యలు కీలకం. గూళ్ల కాలమంతా తిన్నెల చుట్టూ కనీస ప్రవాహం ఉండేటట్లు చూడటం, విడుదలను ఒక్కసారిగా కాక దశలవారీగా పెంచడం, తప్పనిసరి విడుదలకు ముందుగా అటవీ అధికారులకు సమాచారం ఇవ్వడం. పంటలకు, తాగునీటికి ఇచ్చే నీటిని ఆపవలసిన అవసరం చాలా సందర్భాలలో ఉండదు. విడుదల చేసే వేళ, వేగం మార్చడం ద్వారా రెండు అవసరాలను తీర్చే వీలుంది.

1979లో ఏర్పాటై రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో విస్తరించిన జాతీయ చంబల్ అభయారణ్యంలో ఇవే తిన్నెలపై ఘరియాల్ మొసళ్లు, ఎర్రతల పైకప్పు తాబేళ్లు కూడా గుడ్లు పెడతాయి. ఈ రెండూ తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న శ్రేణికి చెందినవి. పక్షులకు, మొసళ్లకు, తాబేళ్లకు కలిపి ఒకే కాపలా వ్యవస్థ నెలకొల్పితే వ్యయం తగ్గి ప్రయోజనం పెరుగుతుంది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని మహాసరస్సుల తీరాలలో గుడ్లు పెట్టే పైపింగ్ ప్లవర్ అనే చిన్న తీరపక్షి ఈ రంగంలో దీర్ఘకాల కృషికి ఉదాహరణ. సమాఖ్య చట్టం కింద రక్షణ వర్తించిన 1986 నాటికి అక్కడ 17 జంటలు మాత్రమే ఉండగా, 1990లో ఆ సంఖ్య 12కు పడిపోయింది. ప్రతి గూటికీ తాడుతో హద్దు కట్టి బోర్డులు పెట్టడం, పక్షి దూరగలిగి నక్క దూరలేని వైరు పంజరాన్ని గూటిపై అమర్చడం, తీరంలో కుక్కలను గొలుసుతో మాత్రమే అనుమతించడం, తల్లిని కోల్పోయిన గుడ్లను పరిశోధనా కేంద్రంలో పొదిగించి పిల్లలను వదలడం వంటి చర్యలను ఏటా కొనసాగించారు. 2023లో జంటల సంఖ్య 80కి, 2024లో 81కి చేరింది. లక్ష్యం 150 జంటలు. దాదాపు నాలుగు దశాబ్దాల నిరంతర కృషి తరువాత కూడా లక్ష్యంలో సగానికి కొంచెం మించి మాత్రమే సాధ్యపడింది.

ఈ అనుభవం నుంచి రెండు పాఠాలు గ్రహించవచ్చు. ఒకటి, గూళ్ల రక్షణ ఒక ఏడాది కార్యక్రమం కాదు. ఆపివేసిన మరుసటి ఋతువునుంచే నష్టం మొదలవుతుంది. రెండు, ఒక జాతికి సరిపడిన పద్ధతి మరొక జాతికి సరిపడకపోవచ్చు. వైరు పంజరం గుడ్లను కాపాడినా, కొన్ని చోట్ల డేగజాతి పక్షులు పంజరంవద్ద మాటువేసి తల్లిపక్షులనే పట్టిన ఉదంతాలున్నాయి. గుంపులుగా పొదిగే స్కిమ్మర్‌కు గూటికొక పంజరం పనికిరాదు. దానికి తిన్నె మొత్తానికి రక్షణ కావాలి. ఆస్ట్రేలియాలో హుడెడ్ ప్లవర్ పిల్లలకు ఎండనుంచి, కాకులనుంచి రక్షణగా స్వచ్ఛంద సేవకులు తీరంలో చిన్న చెక్క గూళ్లు అమర్చడం మరొక ఉదాహరణ.

చట్టపరమైన నిబంధనలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వేట అన్న పదానికి విస్తృతమైన నిర్వచనం ఉంది. పక్షుల గుడ్లకు నష్టం కలిగించడం, గుడ్లను లేదా గూళ్లను కదిలించి భంగం కలిగించడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. అభయారణ్యంలోకి ప్రవేశించి ఛాయాచిత్రాలు తీయడానికి, అధ్యయనం చేయడానికి 28వ సెక్షన్ కింద అనుమతి పొందాలి. అభయారణ్యంలోకి గాని, వెలుపలకు గాని పోయే నీటి ప్రవాహాన్ని అనుమతి లేకుండా మళ్లించడం, ఆపడం, పెంచడం 29వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. తిన్నెల సంరక్షణకు సంబంధించి ఈ సెక్షన్ ప్రాముఖ్యం ఎక్కువ.

ఇసుక తవ్వకాలపై కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016లోను, 2020లోను మార్గదర్శకాలు జారీచేసింది. సముద్రతీర ప్రాంతాలకు సంబంధించి 2019 నాటి తీరప్రాంత నియంత్రణ మండలి ప్రకటనలో పక్షులు గూళ్లు పెట్టే స్థలాలను, తాబేళ్లు గుడ్లు పెట్టే స్థలాలను అత్యంత సున్నితమైన వర్గంలో చేర్చారు. తీరంలో నిర్మాణాలకు అనుమతులు పరిశీలించే అధికారులు ఈ అంశాన్ని గమనించవలసి ఉంటుంది.

తెలుగు ప్రాంతంతో సంబంధం

కాకినాడ తీరంలోని హోప్ ఐలాండ్ ఇసుక మేట, కోరింగ అభయారణ్యం పరిసరాలలోని బురద మైదానాలు శీతాకాలంలో స్కిమ్మర్లకు, పలు వలస తీరపక్షులకు ఆశ్రయమిస్తాయి. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ పక్షులు గుడ్లు పెట్టకపోయినా, శీతాకాలమంతా మేత, విశ్రాంతి లభించినప్పుడే గూళ్ల కాలానికి తగిన బలం సమకూరుతుంది. పోటువేళ మేటలపై గుంపుగా నిలిచే పక్షులను పడవలతో తరిమి ఎగరగొట్టడం వాటి శక్తిని వృథా చేస్తుంది. కాళ్లకు రంగు పట్టీలున్న పక్షి కనిపించినపుడు పట్టీ రంగు, దానిపై అక్షరాలు, తేదీ, స్థలం నమోదు చేసి అటవీ శాఖకు తెలపడం పరిశోధనకు తోడ్పడుతుంది.

గోదావరి, కృష్ణ నదుల తిన్నెలపైన, లంకల అంచులలోను రివర్ టర్న్, స్మాల్ ప్రాటిన్‌కోల్, తీతువు వంటి పక్షులు వేసవిలో గుడ్లు పెడతాయి. చంబల్‌లో ఎదురైన సమస్యలే వీటికీ వర్తిస్తాయి. ఇసుక రీచ్‌లను ఖరారు చేసేటపుడు, బ్యారేజీల గేట్లు ఎత్తేటపుడు ఈ విషయం పరిగణనలోకి రావలసి ఉంది.

పక్షులకు రక్షణ కల్పించిన సంప్రదాయం తెలుగు గ్రామాలకు ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, తేలుకుంచి గ్రామాల ప్రజలు తమ ఊరి చెట్లపై గూళ్లు కట్టే కొంగలను, పెలికాన్లను తరతరాలుగా కాపాడుతున్నారు. గుంటూరు జిల్లా ఉప్పలపాడు మరొక ఉదాహరణ. అయితే చెట్టుపై గూడు ఊరందరి కంట పడుతుంది, ఇసుకలోని గుడ్డు పక్కనే నడిచినవారి కంట కూడా పడదు. అందువలన నేలపై పొదిగే పక్షుల విషయంలో సంప్రదాయ ఆదరణకు తోడు ప్రత్యేక అవగాహన అవసరం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కాపాడడంలో తీరగ్రామాల మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి పనిచేసిన అనుభవం ఇందుకు పునాదిగా ఉపకరిస్తుంది.

శాఖల మధ్య సమన్వయం

గూళ్ల సంరక్షణ ఒక్క అటవీ శాఖతో సాధ్యమయ్యే పని కాదు. డిసెంబరు, జనవరి నెలలలో తిన్నెల గుర్తింపు, కాపలాదారుల ఎంపిక పూర్తిచేయాలి. ఫిబ్రవరిలో నీటిపారుదల, గనులు, రెవెన్యూ, మత్స్య, పశుసంవర్ధక శాఖల అధికారులతో సమావేశం నిర్వహించి, ఏ తిన్నె ఏ మట్టంవద్ద మునుగుతుందో, ఏ మట్టంవద్ద ఒడ్డుకు కలుస్తుందో తెలియజేయాలి. మార్చి నుంచి జూన్ వరకు జలాశయ నిర్వాహకులకు, క్షేత్ర సిబ్బందికి మధ్య ప్రతిదినం సమాచార మార్పిడి జరగాలి. గ్రామ పంచాయతీలు ఊరకుక్కల నియంత్రణ, టీకాలు, చెత్త తొలగింపు బాధ్యత వహించాలి. జూలైలో ఋతువు ఫలితాలను, నష్టకారణాలను సమీక్షించి మరుసటి ఏడాది ప్రణాళికకు వినియోగించాలి.

పాత్రికేయులకు సూచనలు

గూళ్లున్న తిన్నె కచ్చితమైన స్థానాన్ని, రేవు పేరును ప్రచురించరాదు. వార్త వెలువడిన వెంటనే సందర్శకుల తాకిడి పెరగడమే ఇందుకు కారణం. నది పేరు, జిల్లా పేరు సరిపోతాయి. గుడ్ల, పిల్లల దగ్గరి ఛాయాచిత్రాలు, డ్రోన్ చిత్రీకరణ నివారించి, అధ్యయన బృందాలు అనుమతితో తీసిన చిత్రాలను ఉపయోగించడం మంచిది. సంఖ్యలను పేర్కొనేటపుడు అవి పెద్ద పక్షుల సంఖ్యా, జంటల సంఖ్యా, గూళ్ల సంఖ్యా, ఎగిరిన పిల్లల సంఖ్యా అన్నది స్పష్టం చేయాలి. ఒక్క ఏడాది పెరుగుదలను విజయంగాను, ఒక్క ఏడాది తగ్గుదలను వైఫల్యంగాను చిత్రించడం సమంజసం కాదు. నదీగర్భంలో సాగు చేసుకొనే రైతులు, జాలర్ల వాదనను కూడా వార్తలో చేర్చితే సమస్య సమగ్రంగా ప్రజల ముందుకు వస్తుంది.

మార్చి నుంచి జూన్ వరకు గల నాలుగు నెలలలో తిన్నె చుట్టూ నీరు నిలిచి, తిన్నెపై మనిషి అలికిడి లేకుండా ఉన్నట్లయితే స్కిమ్మర్‌కు అంతకు మించిన సహాయం అవసరం లేదు. ఆ మేరకు నీటిమట్టాన్ని గమనించే ఇంజనీరు, ఒడ్డున కాపలా కాసే గ్రామస్థుడు, వివరాలు నమోదు చేసే అటవీ సిబ్బంది ఒకే సమాచారంతో పనిచేయడంపైనే ఈ పక్షి మనుగడ ఆధారపడి ఉంది.